మీ వంటింటి కత్తికి పదును ఉందా?

పోయిన వేసవిలో మగవాళ్ళ మెడికల్ వార్డులో నైట్ డ్యూటీ చేస్తున్నాను. రాత్రి ఎనిమిదిన్నర అయి ఉంటుంది. భర్తకు తోడుగా ఉన్న ఒక అమ్మ ఎడమచేతిని చీరకొంగులో చుట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చి, "సిస్టరమ్మా, కాస్త ప్లాస్టరుంటే ఇవ్వండి" అని అడిగింది. కొంగు విప్పి చూస్తే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య లోతుగా తెగి ఉంది. ఆయనకు బత్తాయి కోసి పెడదామని చాకు తీసిందట. చాకు జారి చేతిలోకి దిగింది. ఆ చాకు ఏదమ్మా అంటే తలగడ కింద నుంచి తీసి ఇచ్చింది. పాత చార్టు కాగితం మీద పెట్టి లాగి చూశాను. కాగితం నలిగింది గాని తెగలేదు. "ఇంత మొండి చాకుతో చెయ్యి ఎట్లా తెగింది సిస్టర్?" అని ఆమే ఆశ్చర్యపోయింది. నాలుగు కుట్లు పడ్డాయి. భర్తను లేపి కూర్చోబెట్టడానికి, పక్కకు తిప్పడానికి రెండు చేతులు కావాలి. ఆమెకు ఒక్క చెయ్యే మిగిలింది. ఆ వారం రోజులూ ఆ పని మా ఆయమ్మలు చేశారు.

ఆ అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇంట్లో రోగి ఉన్నప్పుడు వంటింటి కత్తి కూడా రోగి సేవలో ఒక భాగమే. దాని సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోరు.

మొండి కత్తే ఎందుకు ప్రమాదం?

పదునుగా ఉన్న కత్తి, పెట్టినచోటే దిగుతుంది. కొంచెం ఒత్తిడి చాలు. మొండి కత్తి టమాట తోలు మీద, బత్తాయి తొక్క మీద, ఉల్లిపాయ పైపొర మీద జారుతుంది. దిగడం లేదని మనం ఇంకా గట్టిగా నొక్కుతాం. అంత బలంతో నొక్కుతున్నప్పుడు జారితే, ఆ బలమంతా పండును పట్టుకున్న చేతి మీద పడుతుంది. ప్రసంగి గ్రంథం పదో అధ్యాయంలో పదును పెట్టని ఇనుము గురించి ఒక మాట ఉంది. పదును లేకపోతే ఎక్కువ బలం వాడవలసి వస్తుందని దాని భావం. మా చాపెల్‌లో అది చదివినప్పుడల్లా నాకు క్యాజువాలిటీ గుర్తుకు వస్తుంది.

ఇంకొక సంగతి. పదునైన కత్తితో తెగిన గాయం అంచులు సాఫీగా ఉంటాయి, దగ్గరకు చేర్చి కుడితే త్వరగా అతుకుతుంది. మొండి కత్తి, రంపంలాగా పళ్ళున్న కత్తి చర్మాన్ని చింపుతాయి, నలుపుతాయి. నలిగిన చర్మం మానడం ఆలస్యం. చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళకైతే చెప్పనక్కర్లేదు.

మే నెల వస్తే మా దగ్గరకు చేతులు తెగి వచ్చేవాళ్ళు ఎక్కువవుతారు. ఆవకాయ రోజులు కదా. మామిడికాయను టెంకతో సహా కొట్టాలంటే బరువైన కత్తి, మంచి పదును, కింద కదలని దిమ్మ కావాలి. ఇంట్లో రోజూ కూరగాయలు తరిగే చాకుతో టెంక కొట్టే ప్రయత్నం దయచేసి చేయకండి. బజారులో కాయలు కొట్టి ఇచ్చేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు ఇచ్చే నాలుగు డబ్బులు కుట్లకయ్యే ఖర్చు కంటే తక్కువ.

ఎలాంటిది కొనాలి?

ఒక ఇంటికి డజను కత్తులు అక్కర్లేదు, మూడు చాలు. కూరగాయలకు ఒక కత్తిపీట గాని పెద్ద కత్తి గాని (మా రాయలసీమ సిస్టర్లు కత్తిపీటను ఈలకత్తి అంటారు), మాంసానికీ చేపలకూ విడిగా ఒకటి, పండ్లకు ఒక చిన్న చాకు. మాంసం కత్తి పిడికి ఎర్రని కరెంటు టేపు ఒక చుట్టు చుట్టండి. ఇంట్లో ఎవరు తీసినా తెలుస్తుంది.

ఇనుప కత్తికి పదును తేలికగా ఎక్కుతుంది గాని తుప్పు పడుతుంది. వంకాయ, అరటికాయ కోస్తే నల్లబడుతుంది. స్టీలు కత్తి తుప్పు పట్టడం తక్కువ. కాని నిమ్మరసం, ఉప్పు, పచ్చడి అంటుకున్నది అంటుకున్నట్టే రాత్రంతా వదిలేస్తే స్టీలుకు కూడా మచ్చలు, గుంటలు పడతాయి. రెండింటిలో ఏది మంచిదని అడిగితే, రోజూ తుడిచి పెట్టే ఓపిక ఉన్న ఇంటికి ఇనుము, లేని ఇంటికి స్టీలు అని చెబుతాను.

కొనేటప్పుడు కత్తి మెరుపు కంటే పిడిని ఎక్కువగా చూడండి. కత్తి ఇనుము పిడి లోపలికి చాలా దూరం వెళ్ళి గట్టిగా బిగిసి ఉండాలి. ఊగే పిడి వద్దు. పగిలిన చెక్క పిడిలో కూర నీళ్ళు, మాంసం రసం చేరి కుళ్ళుతాయి, ఎంత తోమినా పోవు. కీళ్ళవాతం ఉన్న పెద్దవాళ్ళకు, పక్షవాతం తరువాత పట్టు తగ్గినవాళ్ళకు లావుపాటి, జారని పిడి ఉన్నది కొనండి. సన్నని పిడికి పాత గుడ్డ గట్టిగా చుట్టి వాడేవాళ్ళను చూశాను. గుడ్డ తడిసి మురికి పట్టకుండా మార్చుకుంటూ ఉంటే అదీ నయమే.

కత్తిపీట కాలితో తొక్కిపట్టి కూర్చుని తరిగేది కాబట్టి రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. అలవాటున్నవాళ్ళకు దానంత హాయి ఇంకొకటి లేదు. మా అమ్మ కళ్ళు మూసుకుని తరిగేది. అయితే పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని కత్తిపీటను నిలబెట్టే లేచి వెళ్ళిపోతాం చూడండి, పాకే బిడ్డ సరిగ్గా ఆ సమయానికే వస్తుంది. మడిచే కత్తిపీట కొనండి. అది లేకపోతే లేచే ముందు పీటను పక్కకు పడుకోబెట్టి, పదును వైపును గోడకు తిప్పండి.

పదును పెట్టడం

పదును తగ్గకుండా చూసుకుంటే పెట్టే పని సగం తగ్గుతుంది. గ్రానైట్ గట్టు మీద, స్టీలు కంచంలో పెట్టి కోస్తే రెండు వారాల్లో కత్తి మొద్దుబారుతుంది. చెక్క పలక వాడండి, లేదా ప్లాస్టిక్ పలక. తరిగిన ముక్కలను గిన్నెలోకి తోయడానికి కత్తి అంచు కాకుండా వెన్ను వైపు వాడండి. డబ్బా మూతలు తీయడానికి, పాల ప్యాకెట్లు చింపడానికి వంట కత్తి వాడకూడదు.

బజారులో రెండు వైపులా వేరువేరుగా ఉండే సానరాయి దొరుకుతుంది. ఒక వైపు గరుకు, ఒక వైపు నునుపు. రాయిని నీళ్ళలో తడిపి, కింద తడి గుడ్డ పరిచి దాని మీద పెట్టండి, కదలదు. కత్తిని రాయి మీద పూర్తిగా పడుకోబెట్టకూడదు, నిలబెట్టకూడదు. పండ్లు కోసే చిన్న చాకు అయితే దాని వెన్ను కింద ఒక పెన్సిల్ పట్టేంత ఎత్తు, వెడల్పాటి కత్తి అయితే చిటికెన వేలు దూరేంత ఎత్తు లేపండి. ఇది సుమారు 20 డిగ్రీల వాలు. ఆ ఎత్తు మారకుండా మడమ నుంచి మొన దాకా రాయి పొడవునా మెల్లగా లాగండి. గరుకు వైపు పది పదిహేను సార్లు ఒక పక్క, అన్నే సార్లు రెండో పక్క. నూరుతూ ఉంటే అవతలి పక్క అంచున సన్నని గరుకు లేస్తుంది. వేలిని అంచు వెంబడి కాకుండా, వెన్ను నుంచి అంచు బయటికి మెల్లగా జరిపితే తెలుస్తుంది. ఆ గరుకు లేచిందంటే నూరడం సరిపోయిందని గుర్తు. తరువాత నునుపు వైపు తిప్పి, బలం పెట్టకుండా నాలుగైదు సార్లు రెండు పక్కలా లాగితే ఆ గరుకు పోతుంది.

రాయి లేకపోతే పింగాణీ కప్పును బోర్లించి చూడండి. అడుగున మెరుపు లేని గరుకు అంచు గుండ్రంగా ఉంటుంది. దాని మీద ఇదే పద్ధతిలో పది సార్లు లాగితే ఆ పూటకు సరిపడే పదును వస్తుంది. వార్డుకు ఫ్లాస్కు, కప్పు తెచ్చుకునేవాళ్ళకు ఇది పనికొస్తుంది.

కత్తిపీటకు వేరే పద్ధతి. కత్తి కదలదు కాబట్టి రాయి కదలాలి. పీట మీద కాలు గట్టిగా పెట్టి, చిన్న రాయిని వెన్ను నుంచి అంచు వైపు, అంటే మన చెయ్యి అంచు మీదికి రాకుండా, వంపు వెంట మెల్లగా రుద్దాలి. ఈ పని రోగి దగ్గర మేలుకుని అలసిపోయిన రాత్రి చేయకండి. పగటి వెలుతురులో, పిల్లలు బడికి వెళ్ళాక చేసుకోండి.

సైకిలు చక్రం తొక్కుతూ సాన పట్టే అతను వీధిలోకి వస్తే ఇవ్వవచ్చు. కాని పొడి చక్రం మీద అదేపనిగా ఒత్తితే కత్తి అంచు కాలి నీలంగా మారుతుంది. ఆ నీలం వచ్చినచోట ఇనుము మెత్తబడి పదును నిలవదు. మధ్యమధ్యలో నీళ్ళలో ముంచమని అడగండి. నిప్పురవ్వలు చూడడానికి పిల్లలు చక్రానికి దగ్గరగా వంగుతారు. కంట్లో ఇనుప రజను పడి కంటి విభాగానికి వచ్చిన పిల్లవాణ్ణి నేను చూశాను.

పదును చూడడానికి బొటనవేలితో అంచును నిమరవద్దు. కాగితం గాని టమాట గాని చాలు. సాన పట్టిన కత్తికి ఇనుప పొడి అంటుకుని ఉంటుంది కాబట్టి సబ్బుతో కడిగాకే కూర తరగండి.

కడగడం: ఇది రోగి కోసం

ఒకే కత్తితో పచ్చి కోడి కోసి, నీళ్ళకింద అలా తిప్పి, దానితోనే దోసకాయ కోస్తాం. కోడి కూర బాగా ఉడుకుతుంది, దానిలోని క్రిములు చస్తాయి. దోసకాయ ఉడకదు. సాల్మొనెల్లా వంటి విరేచనాల క్రిములు ఆ కత్తి మీద నుంచి, పలక మీద నుంచి, మన చేతుల మీద నుంచి పచ్చిగా తినే వాటిలోకి వెళతాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు రెండు రోజుల విరేచనాలతో పోవచ్చు. క్యాన్సరుకు మందులు ఎక్కించుకుంటున్నవాళ్ళకు, డయాలసిస్ రోగులకు, గర్భిణులకు, పసిపిల్లలకు, ముసలివాళ్ళకు అదే ప్రాణం మీదికి రావచ్చు. "మంచి బలమైన తిండే పెట్టాం సిస్టర్, ఎందుకు ఇట్లా అయింది" అని అడిగేవాళ్ళకు నేను వేసే మొదటి ప్రశ్న: కత్తి ఒకటేనా, రెండా?

వట్టి నీళ్ళతో జిడ్డు పోదు, జిడ్డు పోకపోతే క్రిమి పోదు. సబ్బు, పీచు, పారే నీళ్ళు, వీలైతే చివర వేడినీళ్ళు. పిడి కత్తిలో కలిసేచోట పాత టూత్‌బ్రష్‌తో తోమండి. తోమేటప్పుడు పీచును వెన్ను వైపు నుంచి పట్టుకుని అంచు బయటికి తుడవండి. అంట్ల తొట్టిలో గిన్నెల అడుగున, సబ్బు నురుగులో కత్తిని వేసి వదిలేయవద్దు. తరువాత గిన్నెలు తోమేవాళ్ళకు అది కనబడదు, చెయ్యి పెడితే తెగుతుంది. వాడిన వెంటనే కడిగి, పొడి గుడ్డతో తుడిచి, దాని చోట దాన్ని పెట్టండి. ఇనుప కత్తికి ఒక చుక్క కొబ్బరినూనె రాస్తే తుప్పు పట్టదు. ఇప్పటికే పట్టిన తుప్పు చింతపండు, ఉప్పు వేసి రుద్దితే చాలావరకు వదులుతుంది.

పండ్ల గురించి ఒక మాట. తొక్క తీసేస్తాం కదా అని కర్బూజ, పుచ్చకాయలను కడగకుండానే కోస్తాం. నేల మీద పెరిగిన కాయ తొక్కకు మట్టి, పేడ ఉంటాయి. కత్తి ఆ మురికిని లోపలి గుజ్జులోకి తీసుకువెళుతుంది. ముందు కాయను కడగండి, తరువాత కోయండి. కోసిన ముక్కలు రోగి మంచం పక్కన గంటల తరబడి ఉంచవద్దు. రెండు గంటలు దాటితే పారేయండి.

వార్డులో చాకును తలగడ కింద, పరుపు కింద పెట్టవద్దు. దానికి అట్టతో ఒక తొడుగు చేసి సంచిలో ఉంచండి. జ్వరంతో గాని, ఆపరేషన్ తరువాత గాని కలవరించే రోగికి, మనసు కుంగి ఉన్న రోగికి అది అందకూడదు. బాలింత తలగడ కింద దిష్టికని చాకు పెట్టే ఆచారం మన వైపు ఉంది. నమ్మకాల మీద వాదం పెట్టుకోవడం నా ఉద్దేశం కాదు. పసిగుడ్డు పక్కలో పదునైన వస్తువు ఉండకూడదని మాత్రం గట్టిగా చెబుతాను. మీ బిడ్డ కోసం ప్రార్థన చేయమంటే మేమందరం చేస్తాము.

బ్లేడ్లు

వంట కత్తుల కంటే పెద్ద నష్టం చేసే వస్తువు చిన్న షేవింగ్ బ్లేడు. చక్కెర వ్యాధి ఉన్న ఒక పెద్దాయన అరికాలి ఆనెకాయను సగం విరిచిన బ్లేడుతో చెక్కుకున్నారు. నరాలు మొద్దుబారి ఉన్నందున నొప్పి తెలియలేదు, కొంచెం లోతుగా పోయిన సంగతీ తెలియలేదు. మా దగ్గరకు వచ్చేసరికి వేలు నల్లబడింది. ఆ వేలు తీసేయవలసి వచ్చింది. "గోరంత గాయం సిస్టర్" అని ఆయన చాలాసార్లు అన్నారు. షుగరు ఉన్నవాళ్ళు ఆనెకాయలు, కాలి చర్మం బ్లేడుతో గాని కత్తితో గాని కోసుకోకూడదు. గోళ్ళు స్నానం తరువాత మెత్తబడినప్పుడు గోళ్ళ కత్తెరతో తిన్నగా తీయాలి, మూలలు లోపలికి కత్తిరించకూడదు. కళ్ళు ఆననివాళ్ళకు ఇంట్లోవాళ్ళు తీయాలి.

ఆపరేషన్ ముందురోజు ఇంట్లోనే బ్లేడుతో వెంట్రుకలు గీసి రోగిని తీసుకొస్తారు. మంచి ఉద్దేశంతోనే చేస్తారు. కాని బ్లేడు చేసే సన్నని గాట్లలో క్రిములు చేరి ఆపరేషన్ గాయం చీము పట్టే అవకాశం పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన సూచనల్లో కూడా ఆపరేషన్ కోసం బ్లేడుతో గీయవద్దనే ఉంది. తీయక తప్పకపోతే క్లిప్పరుతో ఆసుపత్రిలోనే తీస్తారు. మీరు ఏమీ చేయకుండా, స్నానం చేయించి తీసుకురండి.

అన్నదమ్ములైనా, తండ్రీకొడుకులైనా ఒకరి రేజరు ఒకరు వాడకూడదు. కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి క్రిమి శరీరం బయట కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. ఎండిపోయిన, కంటికి కనబడని రక్తపు మరక చాలు. మంగలి షాపులో కొత్త బ్లేడు మీ కళ్ళెదుట విప్పమనండి. మర్యాదగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఒకప్పుడు బొడ్డుతాడు కొడవలితోనో పాత బ్లేడుతోనో కోసేవాళ్ళు, వారం తిరగకుండా బిడ్డ పాలు పట్టలేక బిగుసుకుపోయేది. అది ధనుర్వాతం. గర్భిణులకు టీకాలు, ఆసుపత్రి కాన్పులు, శుభ్రమైన బ్లేడు వీటివల్ల మన దేశంలో పసిబిడ్డల ధనుర్వాతం నిర్మూలన స్థాయికి తగ్గిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. దారిలోనే కాన్పు అయిపోతే బొడ్డుతాడు కోయాలని కంగారు పడకండి. బిడ్డను తుడిచి, తల్లి గుండెల మీద పెట్టి, గుడ్డ కప్పి 108కి ఫోను చేయండి.

తెగితే

పారే నీళ్ళు, సబ్బుతో కడిగి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పట్టుకోండి. పది నిమిషాలు, గడియారం చూసి. మధ్యలో ఆగిందా లేదా అని గుడ్డ తీసి చూస్తే కట్టిన రక్తం మళ్ళీ కదులుతుంది. ఆ వేలికి ఉంగరం ఉంటే వాపు రాకముందే తీసేయండి. కాఫీ పొడి, సున్నం, పసుపు, పొగాకు వేయకండి. అవన్నీ గాయంలో నుంచి ఏరి కడగడానికి మాకు ఎక్కువ సేపు పడుతుంది, మీకు ఎక్కువ నొప్పి.

రక్తం ఆగకపోయినా, గాయం నోరు తెరుచుకున్నా, వేలు వంగకపోయినా, కొన తిమ్మిరిగా ఉన్నా వెంటనే రండి. తెల్లవారాక వద్దాంలే అనుకోవద్దు, ఆరు గంటల లోపల వస్తే కుట్టడం సులువు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు చిన్న గాయమైనా చూపించుకోవాలి. వేలు ముక్క తెగిపడితే దాన్ని మంచి నీళ్ళతో కడిగి, తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని ఐసు వేసిన నీళ్ళలో పెట్టి తీసుకురండి. ఐసు నేరుగా ముక్కకు తగలకూడదు.

"తుప్పు లేని కత్తే సిస్టర్, ఇంజెక్షన్ ఎందుకు" అని అడుగుతారు. ధనుర్వాతం తుప్పు వల్ల రాదు. ఆ క్రిమి మట్టిలో, పేడలో ఉంటుంది, గాయం లోపలికి పోతే పెరుగుతుంది. పూర్వం టి.టి. అనేవాళ్ళం, ఇప్పుడు ప్రభుత్వ టీకాల్లో టి.డి. ఇస్తున్నారు. చివరి టీకా వేసుకుని ఎన్నేళ్ళయిందో గుర్తు లేకపోతే ఆ మాటే చెప్పండి, డాక్టరుగారు నిర్ణయిస్తారు.

వాడిన బ్లేడ్లు, విరిగిన చాకులు చెత్తబుట్టలో ఊరికే పారేయవద్దు. ఒక పాత పౌడరు డబ్బా మూతకు సన్నని చీలిక చేయండి. బ్లేడ్లు అందులో వేస్తూ పోయి, నిండాక మూతకు టేపు చుట్టి, చెత్త తీసుకువెళ్ళే అతనికి "ఇందులో బ్లేడ్లు ఉన్నాయి బాబూ" అని చెప్పి విడిగా చేతికి ఇవ్వండి. ఇంటి నుంచి చాకు తేలేనివాళ్ళు మా బల్ల దగ్గర అడగండి. పండ్ల కోసమే ఉంచిన చాకు ఒకటి ఉంది, పదును మేమే పెడతాము. కోసుకుని, కడిగి తిరిగి ఇవ్వాలి.